గడ్డి మీద ముఖం: 9 రోజుల ఎక్స్‌పోజర్, 14 రోజుల ప్రదర్శన

పచ్చిక మీద వారం పది రోజులు పడి ఉన్న ఇటుకను ఎత్తి చూడండి. కింద గడ్డి చచ్చిపోయి ఉండదు. పాలిపోయి, లేత పసుపు రంగులో నేలకి అంటుకుని ఉంటుంది. ఇటుక నాలుగు అంచులూ గీటు పెట్టినట్టు కనిపిస్తాయి. నా పని మొత్తం ఆ ఇటుక మచ్చ లాంటిదే. ఇటుక ఉండాల్సిన చోట నేను ఒక మనిషి ముఖం తాలూకు నీడను పెడతాను.

వెలుగు, ఫోటో, బతికున్న మొక్క, ఈ మూడూ కలిపి పనిచేసేవాళ్లం తక్కువమందిమే. మాకు దారి చూపింది బ్రిటన్‌కి చెందిన హెదర్ ఆక్రాయిడ్, డాన్ హార్వే జంట. 1990లో ఇటలీలోని బుస్సానా వెక్కియాలో వాళ్లు గోడ మీద గడ్డి పెంచారు. గోడకి ఆనించిన నిచ్చెనను తీశాక, దాని ఆకారం పసుపు గీతలుగా గడ్డి మీద మిగిలి కనిపించింది. నిచ్చెన నీడ బొమ్మైనప్పుడు, వెలుగునీడలు తారుమారైన ఫోటో నెగెటివ్ నీడ ఎందుకు కాదు? వాళ్ల గడ్డి ఫోటోలన్నీ ఆ ప్రశ్నలోంచి వచ్చినవే. నేను వాళ్ల దగ్గర నేర్చుకోలేదు. వాళ్ల పని చూశాక, ఇంట్లో గడ్డి ట్రేలు పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. ఇక్కడ చెప్పబోయే పనిలో కూడా ఎక్కువ భాగం పాడైనవాటి కథే.

అడిగినదీ, ఒప్పుకున్నదీ

ఒక ప్రదర్శనశాల వాళ్లు నాకు ఒక గది ఇస్తామన్నారు. అందులో ఒకే ఒక్క పెద్ద గడ్డి ఫోటో ఉండాలి. అది మూడు నెలలు ఉండాలి. మొదటిదానికి వెంటనే సరే అన్నాను. రెండోదానికి మాత్రం 14 రోజులకి మించి మాటివ్వలేనన్నాను. బేరం ఆడుతున్నాననుకున్నారేమో, 60 రోజులకి దిగారు. అప్పుడు కూర్చోబెట్టి గడ్డి ఎలా బతుకుతుందో చెప్పాల్సి వచ్చింది. అది ఇక్కడ కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినవన్నీ దానికి ముడిపడి ఉన్నాయి.

పూలు పూసే జాతి మొక్కలు చీకట్లో పచ్చబడలేవు. గింజ మొలకెత్తడానికీ, ఆకు సాగడానికీ వెలుగు అక్కర్లేదు, గింజలో దాచుకున్న తిండి చాలు. పత్రహరితం తయారీలో మాత్రం మొక్క ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. ప్రోటోక్లోరోఫిల్లైడ్ అనే పదార్థం దాకా చీకట్లోనే తయారుచేసి పెట్టుకుంటుంది. దాన్ని తర్వాతి రూపానికి మార్చే ఎంజైమ్ వెలుగు తగిలితేనే కదులుతుంది. అప్పటిదాకా ఆకులో మనకి కనిపించేది కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల పసుపు.

ఫోటోలు కడిగే డార్క్‌రూమ్‌లో పనిచేసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కాగితం మీద వెండి లవణం వెలుగు కోసం కాచుకుని ఉన్నట్టే ఆకులో ఈ పదార్థం కాచుకుని ఉంటుంది. వెలుగు పడ్డ చోట ముదురు, పడని చోట లేత. అందుకే ప్రొజెక్టర్‌తో నెగెటివ్ వేస్తే గడ్డి మీద పాజిటివ్, అంటే అసలు బొమ్మ, వస్తుంది. సేఫ్‌లైట్, అంటే పని చెడగొట్టని దీపం, కూడా ఉంది. కాగితానికి ఎరుపు దీపం ఎలాగో గడ్డికి మసక ఆకుపచ్చ దీపం అలాగ. ఆ పదార్థం నీలం, ఎరుపు కాంతిని బాగా పీల్చుకుంటుంది, ఆకుపచ్చని అంతగా పట్టించుకోదు. అంతగా అన్నాను, అసలు పట్టించుకోదనలేదు. ఆకుపచ్చ దీపం కింద నీళ్లు చల్లడానికి పది నిమిషాలుంటే ఫర్వాలేదు, గంటల తరబడి వెలిగించి ఉంచితే అదీ బొమ్మను పాడుచేస్తుంది.

ప్రదర్శనశాల వాళ్లకి నేను గట్టిగా చెప్పిన సంగతి వేరే. పచ్చబడటానికి కావలసిన వెలుగు చాలా కొంచెం. కడుపు నింపుకోవడానికి కావలసిన వెలుగు చాలా ఎక్కువ. ప్రొజెక్టర్ వెలుగులో గడ్డి పచ్చగా నిగనిగలాడుతుంది గానీ ఆ వెలుగుతో అది వండుకునేది దాని ఖర్చుకే చాలదు. పచ్చగా ఉన్న చోటా, పసుపుగా ఉన్న చోటా గడ్డి బతికేది గింజలోని నిల్వ మీదే. నేను పెంచే గడ్డి రకం రైగ్రాస్, దాని గింజ బరువు సుమారు 2 మిల్లీగ్రాములు. దాంట్లో ఎన్నాళ్ల నిల్వ ఉంటుంది? గదిని చల్లగా ఉంచితే నాలుగు వారాలు లాగించగలనని నా అంచనా. అందులో రెండు వారాలు బొమ్మ తయారీకే పోతాయి. మిగిలింది 14 రోజులు. వాళ్లు ఒప్పుకున్నారు, కొంచెం అసంతృప్తితోనే.

అరచేయి వద్దనుకోవడం

మొదట నేను అనుకున్నది ముఖం కాదు, అరచేయి. తోటపనిలో జీవితం గడిపిన ఒక పెద్దావిడ పరిచయం. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ అరచేతిలో గీతలు, పగుళ్లు, బొటనవేలి పక్కన కాయ కాసిన చర్మం, వీటిని గడ్డి మీద చూపిస్తే బాగుంటుందనిపించింది. ఆలోచనగా చాలా అందంగా ఉంది. 60 × 40 సెంటీమీటర్ల ట్రేలో వేసి చూస్తే ముడుచుకుపోయిన ఎండుటాకులా వచ్చింది. చూసిన ముగ్గుర్నీ ఇదేంటని అడిగాను, ఒక్కరూ చేయి అనలేదు.

కారణం సూటిగానే ఉంది. గడ్డి పోచ వెడల్పు రెండు మిల్లీమీటర్లే అయినా పోచలు ఒకదాని మీద ఒకటి వాలుతాయి, ఊగుతాయి. నా అనుభవంలో సెంటీమీటరు కన్నా సన్నటి గీత గడ్డి మీద నిలవదు. అంటే నేను గడ్డి పెంచే 1.6 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న గుడ్డ మీద నాకు దొరికేది అడ్డంగా 160, నిలువుగా 240 చుక్కలు. అరచేయి గీతలతోనే అరచేయి అవుతుంది. గీతలు పోతే ఏమీ మిగలదు. ముఖం అలా కాదు. కళ్ల కింద రెండు నీడలు, ముక్కు పక్కన ఒకటి, పెదవుల కింద ఒకటి ఉంటే చాలు, మిగతాది చూసేవాడి బుర్ర పూర్తిచేసుకుంటుంది. ఆవిణ్నే మళ్లీ అడిగాను, ముఖం ఇస్తారా అని. "చేతులైతే పనికొస్తాయి గానీ ముఖమెందుకు" అని నవ్వి కూర్చున్నారు.

ఫోటో తీసేటప్పుడు ఒకే కిటికీ, పక్క నుంచి. మామూలు పోర్ట్రెయిట్‌కి ఇంత కఠినమైన వెలుగు వాడను. ముఖంలో సగం పూర్తిగా నీడలోకి పోవాలి, ఇంకో సగం తెల్లగా తేలాలి, మధ్యలో బూడిద రంగు వీలైనంత తక్కువ ఉండాలి. గడ్డికి మధ్యరంగులు పట్టుకోవడం రాదని కాదు, పట్టుకున్నవాటిని నిలబెట్టుకోలేదు. ఆవిడ తల నెరిసిన జుట్టు నాకు కలిసొచ్చింది. నీడలో ఉన్న చెంప పచ్చగా, నుదురూ జుట్టూ పసుపుగా వస్తాయి.

గుడ్డ

చెక్క ఫ్రేమ్, దాని మీద ప్లాస్టిక్ షీట్, తడి పట్టుకునే మందపాటి ఫెల్ట్, పైన గోనె గుడ్డ. గోనెకి పలచగా కలిపిన బంకమట్టి పూత. గింజలు 24 గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి ఇంకో రోజు తడి గుడ్డ కింద ఉంచాలి. తెల్లటి వేరు ముక్కు బయటికి కనిపించగానే గోనె మీద చల్లాలి. ఒక రోజు ఆలస్యమైతే వేళ్లు ఒకదానికొకటి చుట్టుకుపోయి ముద్దలుగా పడతాయి. నేను చదరపు మీటరుకి 400 గ్రాములు వేశాను, మొత్తం కిలోన్నర. లెక్కేస్తే చదరపు సెంటీమీటరుకి 20 గింజలు. పచ్చిక నాటేవాళ్లు వింటే పిచ్చి అంటారు. కానీ గోనె ఎక్కడ కనిపించినా బొమ్మకి అక్కడ చిల్లు పడ్డట్టే.

ఇంత ఒత్తుగా, ఇంత తడిగా, గాలి ఆడని చీకటి గదిలో పెంచితే బూజు రాకుండా ఉండదు. గది 18 డిగ్రీల దగ్గర ఉంచాను. నేల దగ్గర ఒక చిన్న ఫ్యాన్, గుడ్డకి సూటిగా కాకుండా గోడ వైపు తిప్పి. రోజూ ఉదయం తలుపు తీయగానే ముందు వాసన చూసేవాణ్ని. పచ్చి గడ్డి వాసన వస్తే సరే. తడి అట్టపెట్టె వాసన వస్తే ఎక్కడో తెల్లటి నూగు మొదలైందని అర్థం.

గుడ్డని రెండు రోజులు నేల మీద పడుకోబెట్టి, వేళ్లు గోనెలోకి దిగాక నిలబెట్టాను. వెంటనే ప్రొజెక్షన్ మొదలుపెట్టలేదు. ఇది పాత ట్రేలు నేర్పిన పాఠం. ఆరు మీటర్ల దూరంలో ప్రొజెక్టర్ ఉన్నప్పుడు, బొమ్మ పడే చోటు గుడ్డ మీద నుంచి పోచల కొసలకి, అంటే ఆరు సెంటీమీటర్లు ముందుకి జరిగితే బొమ్మ ఒక శాతం చిన్నదవుతుంది. మధ్యలో తెలియదు. పై అంచు దగ్గర మాత్రం సెంటీమీటరుకి పైగా జరిగిపోతుంది, అంటే నాకున్న ఒక చుక్క మొత్తం. అందుకే గడ్డిని ముందు చీకట్లో మూడు సెంటీమీటర్ల దాకా ఎదగనిచ్చి, ఇంకా ఎదగబోయే ఎత్తుని లెక్కలోకి తీసుకుని, గుడ్డకి కాస్త ముందు ఫోకస్ పెట్టాను.

మొదటి గుడ్డ

4000 ల్యూమెన్ల డిజిటల్ ప్రొజెక్టర్ పెట్టాను. వెలుగు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం, ఇంకేం లేదు. పడే వెలుగుని కొలిచే లక్స్ మీటర్‌తో చూస్తే తెల్ల భాగాల్లో 900 లక్స్ ఉంది. నల్ల భాగాల్లో 4. కంటికి ఆ 4 లక్స్ పూర్తి నలుపుగానే కనిపిస్తుంది, పక్కన 900 ఉంది కాబట్టి.

మూడో రోజుకి బొమ్మ అద్భుతంగా ఉంది. ఆవిడ చెంప నీడ ముదురు పచ్చగా, నుదురు వెన్నెల రంగులో. నేను ఫోటోలు తీసుకున్నాను, ఒకరిద్దరికి పంపాను కూడా. ఆరో రోజుకి నుదురు కొంచెం మురికిగా అనిపించింది. తొమ్మిదో రోజుకి ముఖం మొత్తం పచ్చ. దగ్గరికెళ్లి చూస్తే రెండు రకాల పచ్చలున్నాయి గానీ పది అడుగులు వెనక్కి వస్తే ఏమీ లేదు.

డిజిటల్ ప్రొజెక్టర్‌లో నలుపు అంటే వెలుగు లేకపోవడం కాదు, ఆపడానికి ప్రయత్నించి పూర్తిగా ఆపలేకపోయిన వెలుగు. దానికి తోడు గది గోడలు తెల్లవి. గుడ్డ మీద నుంచి చెదిరిన కాంతి గోడకి తగిలి మళ్లీ గుడ్డ మీదకే వచ్చింది. సినిమా చూసేటప్పుడు ఇదేమీ లెక్కలోకి రాదు, ఒక్కో ఫ్రేమ్ కంటి ముందు ఉండేది సెకనులో ఇరవై నాలుగో వంతు. నా ఫ్రేమ్ రోజుకి 12 గంటల చొప్పున తొమ్మిది రోజులు ఉంది. 108 గంటలు. పచ్చదనానికి ఒక హద్దుంది, నిండిపోయాక ఎంత వెలుగిచ్చినా ఇంకా ముదరదు. 900 లక్స్ ఉన్న చోట గడ్డి మూడో రోజుకే నిండిపోయి ఆగింది. 4 లక్స్ ఉన్న చోట మెల్లగా నడుచుకుంటూ వచ్చి దాన్ని అందుకుంది.

ఈ పనిలో కష్టం వెలుగు ఇవ్వడంలో లేదని నాకు ఆ గుడ్డ దగ్గరే ఒంటికి పట్టింది. అంతకు ముందు మాటగా తెలుసు. వెలుగు ఎవరైనా ఇవ్వగలరు. మనిషి ముఖం ఆకారంలో చీకటిని కత్తిరించి, దాన్ని తొమ్మిది రోజులు చెక్కుచెదరకుండా నిలబెట్టడమే పని.

రెండో గుడ్డ

గది గోడలకి, పైకప్పుకి మాట్ నలుపు రంగు వేశాను. గుడ్డ చుట్టూ నల్ల తెరలు. డిజిటల్ ప్రొజెక్టర్ తీసేసి, పాత స్లైడ్ ప్రొజెక్టర్ తెచ్చాను, 24 వోల్టుల 250 వాట్ల హాలోజెన్ బల్బుతో పనిచేసేది. నెగెటివ్‌ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద బాగా దట్టంగా తీసుకున్నాను. ఇప్పుడు తెల్ల భాగాల్లో 220 లక్స్. నల్ల భాగాల్లో మీటర్ సున్నా చూపించింది. వెలుగు నాలుగో వంతుకి పడిపోయింది, బొమ్మ బాగుపడింది.

స్లైడ్ ప్రొజెక్టర్ తన తలనొప్పులు తను తెచ్చింది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ వెండితో ఉంటుంది. రంగు ఫిల్మ్‌లో ఉండే డైలు బల్బు వేడిని చాలావరకు వదిలేస్తాయి, వెండి పీల్చుకుంటుంది. ఆవిడ నుదురు నెగెటివ్‌లో కారునలుపు కాబట్టి సరిగ్గా అక్కడే ఫిల్మ్ వేడెక్కి ఉబ్బింది, అరగంటలో ఫోకస్ పోయింది. అద్దాల మధ్య బిగించిన మౌంట్, బల్బుకీ స్లైడ్‌కీ మధ్య వేడి ఆపే అదనపు గాజు పెట్టాక కుదుటపడింది. ఇది ట్రయల్ రోజు జరిగింది కాబట్టి బతికిపోయాను.

రెండోది బల్బు. ఆ రకం బల్బు ఆయుష్షు 50 గంటలే అని రాసి ఉంటుంది. నాకు 108 కావాలి. అంటే మధ్యలో రెండుసార్లు మార్చాలి, మార్చినప్పుడు ప్రొజెక్టర్ వెంట్రుకవాసి కదిలినా గడ్డి మీద రెండు ముక్కులు వస్తాయి. స్లైడ్ నాలుగు మూలల్లో సూదితో నాలుగు గీట్లు పెట్టాను. ఆ గీట్ల వెలుగు పడే చోట ఫ్రేమ్ చెక్క మీద పెన్సిల్‌తో గుర్తులు. బల్బు మార్చిన ప్రతిసారీ గుర్తుకి గుర్తు కలిసేదాకా సర్దడం, ఆ తర్వాతే గడ్డి మీద కప్పిన నల్ల తెర తీయడం. రెండోసారి దీనికి గంటన్నర పట్టింది. ఆ టెన్షన్‌లో నీళ్లు చల్లడం మర్చిపోయాను, పై అంచు పోచలు కొన్ని వాడాయి.

నీడలో పెరిగే గడ్డి పొడుగ్గా, నీరసంగా సాగుతుంది. వెలుగు తగిలింది పొట్టిగా, నిటారుగా ఉంటుంది. అంటే నుదుటి పసుపు పోచలు పొడుగు, వాటి కింద ఉన్న కంటి గుంటలోని పచ్చ పోచలు పొట్టి. ఆరో రోజుకి నుదురు వాలిపోయి కళ్ల మీద పడింది. సేఫ్‌లైట్ కింద నిచ్చెన మీద నిలబడి కత్తెరతో ఆవిడ కనుబొమల పైభాగం కత్తిరించాను. గడ్డి ఎదిగేది మొదలు దగ్గర నుంచి, కొస దగ్గర కాదు. వెలుగు చూసిన భాగం పైకి నెట్టబడుతూ, కింద నుంచి చూడని భాగం వస్తూ ఉంటుంది. అందుకని ఎక్కువ కత్తిరిస్తే బొమ్మే పోతుంది. పోచకి రెండు సెంటీమీటర్లకి మించి తీయలేదు. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన గంట అదే.

తొమ్మిదో రోజు రాత్రి ప్రొజెక్టర్ ఆపేసి మసక బల్బు వెలిగించి చూశాను. ఆవిడ ఉన్నారు.

ఫిక్సర్ సంగతి

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. ఫోటోని శాశ్వతం చేసే ఫిక్సర్, అంటే హైపో, వెండి లవణాలను కరిగిస్తుందని 1819లో గమనించినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. 1839లో ఫోటోగ్రఫీ బయటికి వచ్చినప్పుడు, వెలుగు తగలని లవణాన్ని కడిగేయడానికి అదే పనికొచ్చింది. ఆ హెర్షెలే 1842లో పూల రసాలు కాగితానికి పూసి, ఎండలో వెలిసిపోయే రంగులతో బొమ్మలు చేశాడు. ఆంథోటైప్ అంటారు. వాటిని నిలబెట్టే ఫిక్సర్ మాత్రం ఆయనకీ దొరకలేదు. బొమ్మ గీసే వెలుగే దాన్ని చెరిపేస్తుంది. ఫిక్సర్ కనిపెట్టినవాడికే చేతకానిది నా నుంచి ఆశించొద్దని ప్రదర్శనశాల వాళ్లతో సరదాగా అన్నాను. వాళ్లు నవ్వలేదు.

గడ్డికి ఫిక్సర్ లాంటిది ఒకటుంది, సగం ఫిక్సర్. ఆక్రాయిడ్, హార్వే వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ఉన్న గడ్డి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి 'స్టే-గ్రీన్' అనే గడ్డి రకాన్ని వాడారు. మామూలు గడ్డి ముదిరేటప్పుడు, ఎండేటప్పుడు తన పత్రహరితాన్ని తనే విరగ్గొట్టుకుంటుంది. స్టే-గ్రీన్‌లో ఆ పని చేసే జన్యువు దెబ్బతిని ఉంటుంది, అందుకే ఎండినా పచ్చ పోదు. 2007లో అక్కడి బృందం తేల్చిన సంగతి ఇంకా ముచ్చటైనది. మెండెల్ 1850-60లలో బఠానీల్లో పసుపు గింజ, పచ్చ గింజ అని లెక్కపెట్టిన లక్షణం వెనక ఉన్నది కూడా ఈ జన్యువే. పచ్చ బఠానీ అంటే పచ్చదనాన్ని విరగ్గొట్టుకోలేని బఠానీ.

సగం ఫిక్సర్ అని ఎందుకన్నానంటే, అది పచ్చని పసుపు కానివ్వదు, అంతే. పసుపుని పచ్చ కాకుండా ఆపలేదు. బతికున్న బొమ్మకి ఆ రెండో ప్రమాదమే పెద్దది. దగ్గర లేని గింజ గురించి బాధపడకుండా మామూలు రైగ్రాస్‌తోనే చేశాను.

వెలుగు పద్దు

ఇప్పుడు చిక్కు ఏంటంటే, చూడాలంటే వెలుగు కావాలి, వెలుగు పడితే బొమ్మ పోతుంది. మొదటి గుడ్డ పాడవడం వృథా కాలేదు, నాకొక కొలత ఇచ్చింది. 4 లక్స్, 108 గంటలు, గుణిస్తే 432 లక్స్-గంటలు. అంత పడితే నుదురు పచ్చబడుతుంది. మ్యూజియంలు కాగితం మీద బొమ్మల్ని కాపాడేటప్పుడు ఇలాగే లెక్క వేస్తాయి, వెలుగు తీవ్రతని కాలంతో గుణించి. నేను అందులో సగంతో 14 రోజులు గడపాలనుకున్నాను.

గుడ్డ మీద 15 లక్స్ పడేలా ఒక మసక దీపం పెట్టాం. గది ముందు చీకటి నడవా, అందులో రెండు మూడు నిమిషాలు నిలబడితే కళ్లు అలవాటుపడి 15 లక్స్ కూడా చాలనిపిస్తుంది. లోపల ఒక బటన్. నొక్కితే రెండు నిమిషాలు దీపం వెలుగుతుంది, ఆ తర్వాత పది నిమిషాల దాకా నొక్కినా వెలగదు. ఆరు గంటల్లో 30 సార్లు, అంటే రోజుకి ఒక గంట వెలుగు. 14 రోజులకి 210 లక్స్-గంటలు. లెక్క అందంగా కుదిరింది. బటన్ పక్కన "మీరు నొక్కిన ప్రతిసారీ ఈ ముఖం కొంత చెరుగుతుంది" అని రాయించాను. చాలామంది నొక్కడానికి తటపటాయించారు. ఒకతను నొక్కకుండానే చీకట్లో అయిదు నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడట.

నాలుగో రోజుకి నుదురు పచ్చబడటం మొదలైంది. పద్దు ప్రకారం అప్పటికి ఖర్చైంది 60 మాత్రమే. మొదట ఎవరో పెద్ద లైటు వేశారని అనుమానపడ్డాను. సిబ్బందిని అడిగాను, కొంచెం కటువుగానే అడిగాను. ఎవరూ వేయలేదు.

తప్పు నా గుణకారంలో ఉంది. కాగితానికి రెండు నిమిషాలు ముప్పైసార్లయినా, గంట ఒకేసారైనా ఒకటే. ఆకుకి కాదు. వెలుగు తగలగానే సిద్ధంగా ఉన్న ప్రోటోక్లోరోఫిల్లైడ్ మారిపోతుంది. వెలుగు ఆగాక, చీకట్లో ఆకు మళ్లీ కొత్తది తయారుచేసి పెట్టుకుంటుంది, తర్వాతి వెలుగు కోసం. నేను ప్రతి పది నిమిషాలకి ఒకసారి వచ్చి, అది నింపుకున్న గిన్నెని ఖాళీ చేసి పోతున్నాను. మొక్కల ప్రయోగశాలల్లో పత్రహరితం ఎలా ఏర్పడుతుందో చూడటానికి ఇలాగే రెండు నిమిషాల వెలుగు, తర్వాత చాలాసేపు చీకటి ఇస్తూ మొలకల్ని మెల్లగా పచ్చబరుస్తారు. సరిగ్గా ఆ పద్ధతిని నేను నా బొమ్మను కాపాడటానికి వాడాను!

వెనక గదిలో మిగిలిన రెండు ట్రేలు ఉన్నాయి, చీకట్లో పెరిగినవి. ఒకదానికి రోజుకి రెండు నిమిషాల చొప్పున ముప్పైసార్లు, ఇంకోదానికి ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు వెలుగిచ్చాను, అదే దీపం కింద. మూడు రోజుల తర్వాత రెండూ పక్కపక్కన పెడితే మొదటిది ఎక్కువ పచ్చగా ఉందని ఎవరికైనా తెలిసేంత తేడా. ట్రేల ఫలితం కోసం ఆగకుండా అయిదో రోజే ప్రదర్శనశాల వాళ్లని ఒప్పించి బటన్ తీసేయించాను. రోజుకి మూడు ఆటలు, ఒక్కోటి 20 నిమిషాలు, అందరూ ఒకేసారి రావాలి. గంట గంటే, లక్స్ లక్సే. పచ్చబడటం ఆగలేదు గానీ నెమ్మదించింది. సందర్శకులు తగ్గారని వాళ్లు బాధపడ్డారు, అది నిజమే. నాకైతే బటన్ పోయినందుకు బాధగా ఉంది. నిర్ణయం చూసేవాడి వేలి మీద ఉండటం ఈ పనికి బాగా నప్పింది. ఇంకోసారి చేస్తే బటన్ ఉంచి, రోజుకి మూడుసార్లే పనిచేసేలా పెడతాను.

14వ రోజు

చివరి రోజుకి ముఖం ఇంకా ముఖంగానే ఉంది. చెంపకీ నుదుటికీ మధ్య తేడా సగానికి తగ్గింది. కింది అంచున తడి నిలిచి కొన్ని పోచలు కుళ్లాయి, మెడ దగ్గర గోనె కనిపిస్తోంది.

ఆవిడ అప్పటిదాకా రాలేదు. చివరి ఆటకి వచ్చారు. ముఖాన్ని ఎక్కువసేపు చూడలేదు, దగ్గరికెళ్లి ఒక పోచని వేళ్ల మధ్య పెట్టి నలిపి, "దీనికి తిండి లేదు" అన్నారు. లేదండీ, గింజలో ఉన్నదాంతోనే లాక్కొస్తోంది అన్నాను. "అయితే ఆ కిటికీ ఎందుకు మూశావు?"

నల్ల తెరలు దించి కిటికీ తెరిచాం. సూటి ఎండ తగలకుండా ఒక తెల్ల గుడ్డ అడ్డం కట్టాను. ఇన్నాళ్లు చీకట్లో ఉన్న ఆకు మీద ఒక్కసారిగా గట్టి వెలుగు పడితే, మారకుండా మిగిలిన ఆ పదార్థమే ఆకును లోపల్నుంచి కాల్చేస్తుంది. మొదటి రెండు గంటలు ఏమీ కనిపించలేదు. సాయంత్రానికి జుట్టు అంచులు పచ్చలో కలిశాయి. మర్నాడు మధ్యాహ్నానికి నుదురు, చెంప, గడ్డం అన్నీ ఒకటైపోయాయి. ముక్కు మీద నిలువు గీత ఒక్కటి మిగిలింది, అరచేతి వెడల్పున. నెగెటివ్‌లో అన్నిటికన్నా దట్టమైన చోటు అది, ప్రొజెక్షన్ నడిచిన తొమ్మిది రోజులూ ఆ పోచలు అసలు వెలుగే చూడలేదు. మరీ ఎక్కువ కాలం చీకట్లో ఉన్న ఆకుకి పచ్చబడే శక్తే పోతుంది. ఆ గీత పసుపుగానే ఉండి, రెండు రోజుల్లో ఎండుగడ్డైంది.

గుడ్డని విప్పేటప్పుడు ఆవిడ ఎడమ చెంప భాగం చాప కొలతలో కత్తిరించి ఇమ్మన్నారు. చుట్టచుట్టి ఇచ్చాను. కింద మట్టి పోసి పరిచారట, పట్టుకుందని చెప్పారు.